కెల్లర్‌లో దొరికిన టోపీ

టోపీ నా చేతికి వస్తే ముందు దాని ముఖం చూడను. తిరగేసి లోపల చూస్తాను. పెళ్లి జాకెట్టు చూపించినా అంతే. మెరుపు పైన ఉంటుంది, పనితనం వెనక ఉంటుంది. ఈ అలవాటు మా అమ్మ దగ్గర అబ్బింది. హనుమకొండలో మా ముందుగదిలో మగ్గం ఉండేది. చట్రానికి గుడ్డ బిగించి, కొక్కెం సూదితో అమ్మ జాకెట్లకు పూలూ హంసలూ కుట్టేది. నేను జరీ తీగ చుట్టల్ని చిన్న ముక్కలుగా కత్తిరించి ఇచ్చేదాన్ని, కుట్టు వంకరపోతే మొహమాటం లేకుండా చెప్పేదాన్ని. తర్వాత ఇంజనీరింగ్ చదివాను, జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఉద్యోగానికి వచ్చాను. కన్ను మాత్రం మారలేదు.

ఆ కన్నే నన్ను టోపీల్లోకి దింపింది. ఇక్కడ ఫ్లోమార్క్ట్ అని పాత సామాన్ల సంత పెడతారు. ఒకసారి అక్కడ తూర్పు జర్మనీ కాలం నాటి టోపీ ఒకటి కనిపించింది. అప్పటి కమ్యూనిస్టు పార్టీ ఫ్యాక్టరీ కార్మికులను కూడగట్టి తుపాకులిచ్చి దళాలు నడిపేదట, ఆ దళం టోపీ అది. లోపలి అస్తరు మీద ముద్ర, చెమట పట్టీ, దారం వరస చూసి అక్కడే ఉండిపోయాను. ఒక పార్టీ మనిషి తల మీద ఏం పెట్టిందో చూస్తే, తల లోపల ఏం పెట్టాలనుకుందో తెలిసిపోతుంది. అలా మొదలై ఇప్పుడు మా హాల్లో ఒక అల్మారా నిండింది.

మా ఆయనకు ఇదంతా వినోదం. "దేశం కాని దేశమొచ్చి అందరు బంగారం కొంటరు, నువ్వేమో పాత టోపీలు కొంటవ్. ఎవడో నీకే టోపీ పెడుతున్నడు, చూస్కో," అంటాడు. వెర్రి వెయ్యి విధాలు, నాది ఇది, అని ఒప్పేసుకుంటాను. కానీ నాకు టోపీ పెట్టడం మాత్రం ఎవరివల్లా కాలేదు. సంతలో వ్యాపారులే నన్ను పిలిచి, ఇది అసలుదా నకిలీదా అని అడుగుతారు.

నాజీల కాలపు గోధుమరంగు టోపీలు నేను కొనను. చూసి చెబుతాను, ఇంటికి తేను. వాటి మీది గుర్తును బయట ప్రదర్శిస్తే ఇక్కడ నేరం, అందుకని సంతలో దాని మీద టేపు అంటించి పెడతారు. మన స్వస్తికం వేరు, వాళ్లది వేరు అనే పాఠం ఆఫీసులో చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది, మళ్లీ ఇక్కడ చెప్పను.

కిందటేడు చలి మొదలవుతున్న రోజుల్లో, ఒక శనివారం మధ్యాహ్నం మా ఇంటి ఓనరమ్మ బెల్లు కొట్టింది. ఆవిడ కింది అంతస్తులో ఒంటరిగా ఉంటుంది, ఎనభైకి దగ్గర పడింది. మేము దిగిన కొత్తలో ఆన్‌మెల్డుంగ్, అంటే ఈ ఇంట్లో ఉంటున్నామని నమోదు చేయించుకునే కాగితాల మీద సంతకం పెట్టడంతో ఊరుకోక, ఆఫీసు దాకా నాతో వచ్చిన మనిషి. ఆ రోజు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఒకసారి కిందికి రమ్మంది.

వంటింటి బల్ల మీద తువ్వాలులో చుట్టిన టోపీ ఉంది. గోధుమరంగు గుడ్డ, ముదురు వెల్వెట్ పట్టీ, దాని మీద బంగారు తీగతో ఓక్ ఆకుల దండ. నాజీ పార్టీ నాయకులు పెట్టుకునే రకం. కెల్లర్‌లో, అంటే నేలమాళిగలో ఆవిడ వాటా గదిలో, వాళ్ల నాన్న పెట్టె సర్దుతుంటే అడుగున దొరికిందట.

వాళ్ల నాన్న సంగతి మాకు తెలుసు, ఊరికీ తెలుసు. ఆయన బడిపంతులు. పార్టీలో చేరనన్నందుకు ఉద్యోగం పోయింది, యుద్ధం అయ్యేదాకా రంపపు మిల్లులో దుంగలు మోశాడు. ఆవిడ ఏటా బళ్లకు వెళ్లి పిల్లలకు ఆ కథ చెబుతుంది. పై వారం కూడా ఒక బడికి వెళ్లాలి.

"ఇది మా నాన్నదైతే నేను ఆ పిల్లల ముందు నిలబడలేను," అంది. "నన్ను ఓదార్చడానికి మాత్రం అబద్ధం చెప్పకండి."

కొడుక్కి చెప్పారా అని అడిగాను. చెప్పలేదంది. తాతంటే వాడికి ప్రాణం, తేలిన తర్వాతే చెబుతానంది. ఆ కొడుకు న్యూరెంబర్గ్‌లో ఉంటాడు, నలభై దాటిన మనిషి. వచ్చినప్పుడల్లా మా అమ్మాయి సైకిలుకు గాలి కొట్టి, బ్రేకులు సరిచేసి పోతాడు.

పైకి వెళ్లి భూతద్దం, నీలి టార్చి తెచ్చుకున్నాను. మన దుకాణాల్లో దొంగనోట్లు పట్టే దీపం లాంటిదే అది. కర్టెన్లు లాగి, టోపీ తిరగేసి, లోపలి కుట్టు మీద వెలుగు వేశాను. నీలం పెట్టిన తెల్ల చొక్కాలా దారం ధగధగా మెరిసింది. ఆ కాలపు నూలు దారం అలా వెలగదు. ఇది పాలియెస్టర్. నా మనసు సగం తేలికపడింది.

మిగతా సగం కోసం ఆకుల దండ దగ్గరికి వచ్చాను. భూతద్దం ఆనించాను. ఆకు అంచు చుట్టూ గొలుసుకుట్టు. ఆ కుట్టు కొక్కెం సూదితో తప్ప అంత వేగంగా, అంత సమంగా పడదు. వెల్వెట్ మీద అక్కడక్కడా సన్నని తెల్ల చుక్కలు. చిల్లులు పొడిచిన ట్రేసింగ్ కాగితం మీద కిరసనాయిల్లో కలిపిన తెల్లపొడి రుద్దితే మిగిలే చుక్కలవి. మా అమ్మ వాటిని తడిగుడ్డతో తుడిచేది. ఇక్కడ ఎవరో తుడవడం మరిచారు. ఇది మగ్గం పని. ఏ ఊరిదో చెప్పలేను కానీ, మన వైపు చేతులు కుట్టినదే.

నాకు కోపం వచ్చింది. కుట్టిన మనిషి మీద కాదు, ఆ మనిషికి అది ఆకు, పూట కూలి, అంతే. ఆర్డరిచ్చిన వాడి మీద వచ్చింది. ఇంత చక్కటి పనితనాన్ని తీసుకొచ్చి ఈ టోపీకి అంటించాడు.

"ఇది మీ నాన్నది కాదు," అన్నాను. "నకిలీది. యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు తయారైంది. ఎవరినైనా పిలిచి చూపించుకోండి, ఇదే చెబుతారు."

ఆవిడకు ప్రాణం లేచివచ్చింది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది, మళ్లీ లేచి నవ్వింది, నా చేతులు పట్టుకుంది. కాఫీ పెట్టింది, రేగుపళ్లంత ప్లమ్ ముక్కలున్న కేకు కోసింది. నాకూ గర్వంగానే ఉంది. గుచ్చి గుచ్చి అడుగుతుంటే గొలుసుకుట్టు, తెల్ల చుక్కలు, అమ్మ మగ్గం, అన్నీ చెప్పాను. ఆవిడ భూతద్దం తీసుకుని తనే చూడటం మొదలుపెట్టింది. టోపీ లోపలి తోలు పట్టీ దగ్గర ఆగింది.

"మరి ఈ మరక?" అంది.

నుదురు తగిలే చోట తోలు నల్లబడి ఉంది. వ్యాపారులు పాతదనం కోసం రంగు పూస్తే పట్టీ అంతా ఒకేలా పూస్తారు. ఇది అలా లేదు. వేలితో రుద్ది చూశాను, జిడ్డు తగిలింది. అది చెమట, పాతది కూడా కాదు. ఎవరో దీన్ని పెట్టుకుంటున్నారు, ఒకటికి నాలుగుసార్లు పెట్టుకున్నారు. నోటి దాకా వచ్చాక కానీ నేనేం చెబుతున్నానో నాకు అర్థం కాలేదు. అయినా చెప్పాను. అబద్ధం వద్దని ఆవిడే అడిగింది.

ఆవిడ కప్పు కింద పెట్టింది. కెల్లర్ తాళంచెవులు రెండే ఉన్నాయంది. ఒకటి తన దగ్గర, ఒకటి కొడుకు దగ్గర. చలికాలం మంచు కోసం కారుకు మార్చే టైర్లు అక్కడే పెట్టుకుంటాడు.

నేను లేవబోతే కూర్చోమని సైగ చేసింది. ఫోను తీసింది. చెవి సరిగా వినపడదు కాబట్టి ఎప్పుడూ స్పీకర్ మీదే మాట్లాడుతుంది. కొడుకు ఎత్తి, ఎలా ఉన్నావమ్మా అన్నాడు, రేపు టైర్లు మార్చడానికి వస్తానన్నాడు. మా అమ్మాయి సైకిలు దగ్గర వినే గొంతే, అదే మర్యాద. ఆవిడ అతన్ని పూర్తి చేయనిచ్చింది.

"తాత పెట్టెలో దాచావే, ఆ టోపీ," అంది. "నీ తలకు సరిపోయిందా?"

అతను కాదనలేదు, ఏ టోపీ అని అడగలేదు.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు.

ఆవిడ నా వైపు చూసింది. చెప్పనా వద్దా అని అడుగుతోంది ఆ చూపు. పై అంతస్తులో మా అమ్మాయి పరుగెత్తుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఈ ఇంట్లో మేం ఉండాలి, అతనూ వస్తూ పోతూ ఉండాలి. నాకు భయం వేయలేదని చెప్పను, వేసింది. కానీ నేను చూసింది చూశాను.

"నేనే చెప్పానని చెప్పండి," అన్నాను.

ఆవిడ చెప్పింది.