లేని గడప

“ఏం తాతా, నీ కాలికి పిచ్చా?”

ఆయా అలా అడిగేదాకా వడ్రంగికి సంగతే తెలియదు. వృద్ధాశ్రమంలో చేరి నెల కాలేదు. గది గుమ్మం దగ్గరికి వచ్చిన ప్రతిసారీ కుడికాలు జానెడు పైకి లేపి, గాల్లో దేన్నో దాటి, ధబ్బున నేల మీద వేస్తున్నాడు. ఒక్కోసారి తూలుతున్నాడు కూడా.

అక్కడ ఏ గుమ్మానికీ గడప లేదు. చక్రాల కుర్చీలు తిరగాలి కదా! నున్నటి టైల్స్‌లో వరండా ఎక్కడ ఆగిందో, గది ఎక్కడ మొదలైందో తెలియదు. గోడ మీద మాత్రం ‘ఇది మీ ఇల్లే’ అని పెద్ద అక్షరాలతో రాయించారు. రాసి చెప్పాల్సి వచ్చిందంటేనే కాదని అర్థం.

వడ్రంగి ఇంటి గడప అతని చేతిపనే. పెళ్లయిన కొత్తలో చేశాడు. కాస్త ఎత్తు ఎక్కువైంది. బొటనవేలు చితికినప్పుడల్లా భార్య దెప్పేది: “ఊరందరి తలుపులూ చక్కబెడతాడు, సొంత గడపకి చిత్రిక పట్టే తీరిక మాత్రం లేదు మహానుభావుడికి!”

“రేపు పడతాలేవే,” అనేవాడు. ఆ రేపు రాకుండానే ఆమె కన్నుమూసింది. ఆ తర్వాత దాని మీద చిత్రిక పెట్టబుద్ధి కాలేదు. పిల్లలు లేరు. నిరుడు మోకాళ్లు మొరాయించాయి. ఇల్లు అమ్మేశాడు గానీ, కాలికి ఆ కబురు చేరలేదు.

సూపర్‌వైజరమ్మకి ఇదంతా పట్టదు. తూలేవాళ్లని పై అంతస్తుకి మార్చడం అక్కడి పద్ధతి. పైన మంచాలకి కటకటాలు. ఇక కిందికి రానివ్వరు. కింద పెరడుంది, పక్క మంచం మీద టైలరున్నాడు. నోటికి తాళం లేని మనిషి. వడ్రంగికి అక్కడ చుట్టమంటూ ఉంటే అతనొక్కడే.

“రేపు పొద్దున నా ఎదురుగా మామూలుగా నడవండి. లేదంటే పైకి మార్చక తప్పదు,” అందామె.

సాయంత్రమంతా సాధన చేశాడు. వద్దనుకున్న కొద్దీ కాలు ఇంకా పైకి లేచింది.

“కోడిపుంజు నయం కదరా నీకంటే,” అన్నాడు టైలరు.

పొద్దున ఆమె వరండాలో నిలబడింది. వడ్రంగి గుమ్మానికి నాలుగడుగుల ఇవతల బిగుసుకుపోయాడు. లోపల మంచం మీంచి టైలరు గొంతెత్తాడు.

“అమ్మా, ఈయన పనితనం నాకు తెలుసు. వాళ్లింటి గడప వంకర! గోళీ పెడితే దొర్లిపోద్ది!”

“ఎవడ్రా వంకరన్నది?” వడ్రంగి విసవిసా లోపలికి వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు. “రసమట్టం పెట్టి కూర్చానురా! నీ కుట్టు అనుకున్నావా?”

“బానే నడుస్తున్నారుగా,” అని సూపర్‌వైజరమ్మ వెళ్లిపోయింది.

వడ్రంగి చొక్కా వదిలేసి గుమ్మం వైపు చూశాడు. సంతోషించాడు. కానీ కావలసినవాళ్ల ఇంటి ముందు నుంచి పలకరించకుండా వచ్చేసినట్టు, లోపల ఏదో వెలితి.

“నువ్వు మా ఊరెప్పుడు వచ్చావురా?”

“నేనా? అది ఏ దిక్కునుందో కూడా తెలీదు.”

“మరి వంకరని?”

“నీకెక్కడ మండుద్దో తెలుసు. ఇప్పుడెవరుంటున్నారు ఆ ఇంట్లో?”

“ఎరువుల కొట్టాయన,” అన్నాడు వడ్రంగి.

ఆ కొట్టాయన ఇల్లు కొన్న సొమ్ములో ఇంకా పద్దెనిమిది వేలు ఇవ్వాలి. అడగడానికన్నా ఒకసారి ఆ గడప దాకా వెళ్లాలి.