ఎడమ స్పీకర్

మా మారేడ్‌పల్లి ఫ్లాటు హాల్లో హోమ్ థియేటర్ పెట్టించాలన్న సరదా నాదే. మా ఆవిడ వద్దనలేదు, కావాలనీ అనలేదు. అప్పటికి నాకు యాభై నాలుగేళ్ళు. ఆఫీసులో నా కింద పాతికమంది పనిచేసేవాళ్ళు. నేను పొరపాటు పడ్డానని నా ముఖం మీద చెప్పే మనిషి లేకుండా చాలా ఏళ్ళు గడిచిపోయాయి.

ఒక ఆదివారం ఉదయం షాపు వాళ్ళు స్పీకర్లు బిగించడానికి ఒకతన్ని పంపారు. అల్వాల్ నుంచి స్కూటరు మీద వచ్చాడు. ఇంచుమించు నా ఈడువాడే. గోడలకు రంధ్రాలు వేసి, రాలిన సున్నం తనే ఊడ్చాడు. తర్వాత సోఫాలో నేను కూర్చునే చోట, సరిగ్గా చెవి ఎత్తుకు వచ్చేలా, స్టాండు మీద శబ్దం కొలిచే చిన్న మీటరు పెట్టాడు. ఒక్కో స్పీకర్ నుంచి వరసగా ‘ష్‌ష్…’ మని ఒకటే శబ్దం వస్తుంది. అన్ని స్పీకర్లకూ మీటరు ఒకే అంకె చూపించేదాకా ఒకదాన్ని పెంచుతూ ఒకదాన్ని తగ్గిస్తూ సరిచేయాలి. గంటసేపు ఓపిగ్గా చేశాడు.

“అయిపోయింది సార్. కూసొని వినుండ్రి.”

కూర్చుని విన్నాను. “ఎడమ పక్కది తక్కువగా వస్తోంది” అన్నాను.

అతను మళ్ళీ మీటరు పెట్టి చూశాడు. “సమానంగనే ఉన్నయి సార్. మీరే చూడుండ్రి.”

“మీటరు కాదయ్యా, వినేది నేను. పెంచు.”

పెంచాడు. చాల్లేదన్నాను. ఇంకా పెంచాడు. వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ, “ఎడమ వైపు మరీ గట్టిగా మోగుతోందండీ” అంది.

“నీకేం తెలుసని మధ్యలో వస్తావు?” అన్నాను. పరాయి మనిషి ఉన్నాడని కూడా చూడలేదు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

అతను చేతిలో రిమోట్ పట్టుకుని నెమ్మదిగా చెప్పాడు. “గింతకన్నా పెంచితే స్పీకర్ ఖరాబ్ అయితది సార్. నా పని నేను సక్కగనే చేసిన.”

ఆ ఆఖరి మాట నాకు పొగరుగా వినిపించింది. అతని ఎదురుగానే షాపు యజమానికి ఫోన్ చేశాను. పని రాని మనిషిని పంపారని, పైగా ఎదురు మాట్లాడుతున్నాడని చెప్పాను. అతను నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. నేను ఫోన్ పెట్టేశాక డైనింగ్ కుర్చీ ఒకటి తెచ్చి, సోఫా ముందు, టీవీకి వీపు పెట్టి కూర్చునేలా వేశాడు.

“జెర ఇట్ల తిరిగి కూసోండ్రి సార్. ఒక్కసారి.”

చిరాగ్గానే కూర్చున్నాను. అతను అన్నిటినీ మళ్ళీ సమానం చేసి శబ్దం పెట్టాడు. ఇప్పుడు నా కుడి చెవి వైపుకు వచ్చిన ఎడమ స్పీకర్ బ్రహ్మాండంగా వినిపించింది. కుడి స్పీకరే ఎక్కడో పక్కవాళ్ళింట్లో మోగుతున్నట్టుంది. ఏం జరిగిందో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అతను నా వైపు చూడకుండా వైరు చుట్టుకుంటూ, “మా నాయినకు సుత గిట్లనే అయ్యె సార్. డాక్టర్‌కు చూపెట్టుకోండ్రి” అన్నాడు. మా ఆవిడ ఇచ్చిన టీ నిలబడే తాగి వెళ్ళిపోయాడు.

డాక్టరు పరీక్ష చేసి, ఎడమ చెవి వినికిడి సగానికి పైగా పోయిందన్నాడు. కొన్నేళ్ళుగా కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చి ఉంటుందట. “ఇంట్లో ఎవరూ గమనించలేదా?” అని అడిగాడు. పక్కనే కూర్చున్న మా ఆవిడ తల వంచుకుంది.

ఆమె గమనించింది. చెవి చూపించుకోమని రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ కసురుకున్నాను. సోఫాలో ఆమె ఎప్పుడూ నా ఎడమ పక్కనే కూర్చుంటుంది. ఆమె ఏం చెప్పినా, “నోట్లో నోట్లో గొణగకు” అనేవాణ్ణి. బన్సీలాల్‌పేటలో మా చెల్లెలి ఇంట్లో ఒకసారి, పదిమంది భోజనాలు చేస్తుండగా, “ఈవిడకు మనిషికి వినబడేలా మాట్లాడడం నేర్పలేదు వాళ్ళింట్లో” అన్నాను. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆమె నాతో కబుర్లు చెప్పడం తగ్గించింది. నాకు ఇల్లు ప్రశాంతంగా ఉన్నట్టు అనిపించింది.

మర్నాడే షాపుకు ఫోన్ చేసి, అతని తప్పేం లేదని చెప్పాను. ఇళ్ళకు పంపడం మానేసి గోడౌన్‌లో వేశామని యజమాని అన్నాడు. సాయంత్రం నేనే వెళ్ళాను. అతను అట్టపెట్టెలు సర్దుతున్నాడు. నన్ను చూడగానే, “ఏమైంది సార్, మళ్ళ పరేషాన్ చేస్తుందా?” అని కంగారుపడ్డాడు. లేదని చెప్పి, “ఆ రోజు కాస్త అపార్థం జరిగింది” అన్నాను. తప్పు నాది అనడానికి నోరు రాలేదు. ‘అపార్థం’ అంటే సగం అతని మీద కూడా వేసినట్టే కదా! దారి పొడుగునా ఆ మాటే నన్ను తినేసింది. మళ్ళీ మర్నాడు వెళ్ళి, యజమాని ముందే, “తప్పు పూర్తిగా నాది, ఈయన పని సరిగ్గా చేశాడు” అన్నాను. అతను మొహమాటంగా నవ్వి, “పోనీయుండ్రి సార్” అన్నాడు. ఆ వారమే మళ్ళీ ఇళ్ళకు పంపడం మొదలుపెట్టారు.

మా ఆవిడ సంగతి అంత సులువుగా తేలలేదు. ఒకరోజు ఆమె మెంతికూర తుంచుతుంటే వంటింట్లోకి వెళ్ళి, “నువ్వెప్పుడూ గొణగలేదు. నాకే వినిపించలేదు. క్షమించు” అన్నాను.

ఆమె తలెత్తకుండా చెప్పింది. “అప్పుడు పదిమందిలో అన్నారు. ఇప్పుడు వంటింట్లో చెబుతున్నారు.”

ఆ నెలలోనే మళ్ళీ చెల్లెలి ఇంటికి భోజనానికి వెళ్ళాం. దాదాపు ఆ పదిమందే ఉన్నారు. ఇవాళ చెప్పేయాలని ఇంటి దగ్గరే మాటలు కూర్చుకున్నాను. నా చెవి వెనక ఉన్న చిన్న వినికిడి యంత్రాన్ని చూసి అందరూ ఏమిటని అడిగారు. దాన్ని ఎలా పెట్టుకోవాలో, ఎన్నాళ్ళకు బ్యాటరీ మార్చాలో వివరంగా చెప్పాను. అంతవరకే చెప్పాను. ఎదురు వరసలో మా ఆవిడ అన్నం కలుపుకుంటూ ఒక్కసారి నా వైపు చూసి, మా చెల్లెలితో మాటల్లో పడింది.