మంగతాయారు గారి గొంతు

దయ్యాలున్నాయని నన్ను నమ్మించడం కష్టం. ఇరవై ఏళ్ళకు పైగా సినిమాల్లో, సీరియళ్ళలో హెయిర్ డ్రెస్సర్‌గా పనిచేశాను. తెర మీద మీరు చూసి దడుచుకున్న దయ్యాల్లో కొన్నింటికి విగ్గు పెట్టి, చిక్కు చేసి, జుట్టు మొహం మీదికి లాగినవి నా చేతులే. షాట్ అయ్యాక ఆ దయ్యాలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పెరుగన్నం తినేవి.

అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడాను. రాస్తే నేనూ జనం చూడటానికి ఏదైనా పెట్టే ఆన్‌లైన్ ఛానెళ్ళ వాళ్ళలాంటిదాన్నే అనుకుంటారని భయం. వాళ్ళంటే నాకు ఎంత రోతో చదివితే మీకే తెలుస్తుంది.

నేను పనిచేసిన నటికి సినిమాల్లో ఉన్న పేరు ఇక్కడ రాయను. ఇంట్లో పెట్టిన పేరు మంగతాయారు. ద్రాక్షారామం పక్కన పల్లెటూరు ఆవిడది. నాది మండపేట. ఒకే వైపు వాళ్ళమని తెలిశాక ఆవిడ ఇంకో హెయిర్ డ్రెస్సర్‌ని పెట్టుకోలేదు. వరలక్ష్మి అనే నా పేరుని "వరం" చేసింది ఆవిడే. మా ఇంట్లో వాళ్ళతో సహా ఇంకెవరూ నన్నలా పిలవరు.

ఆవిడ పందొమ్మిదేళ్ళప్పుడు నాటకాల నుంచి సినిమాకి వెళ్ళారు. నాలుగు సినిమాల్లో హీరోయిన్. తర్వాత హీరోకి అక్క, ఆ తర్వాత వదిన. నలభై దాటాక సీరియళ్ళలో అత్తగారు. పన్నెండేళ్ళు సాయంత్రం పూట అందరి ఇళ్ళలోనూ కనిపించారు. కానీ ఆవిడ గొంతు మాత్రం మీరెవరూ వినలేదు.

మొదటి సినిమాకి ఆవిడే డబ్బింగ్ చెప్తానని వెళ్ళారట. ఒక రీలు మొత్తం చెప్పాక డైరెక్టరు నవ్వి, మొహం అమ్మాయిదే ఉంచుదాం, గొంతు వేరేవాళ్ళది పెడదాం, ఈ గొంతు వింటే కొబ్బరి బొండాలు అమ్మినట్టుంది అన్నాడట. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారట. ఆ మాట పరిశ్రమంతా పాకింది. ఇక ఏ సినిమాలోనూ, ఏ సీరియల్లోనూ ఆవిడని మాట్లాడనివ్వలేదు. ఒకసారి ఉత్తమ నటి అని సభలో శాలువా కప్పారు. తెర మీద ఆవిడ ఏడుస్తున్న సీను వేశారు. వేరే ఆవిడ గొంతు ఏడుస్తోంది. మంగతాయారు గారు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. వెనక కూర్చున్న నేను కొట్టలేదు.

ఆవిడ అసలు గొంతు నేను రోజూ విన్నదాన్ని. కాస్త బొంగురుగా, నిండుగా ఉండేది. మాట చివర సాగదీసేవారు. ఆవిడ మేకప్ రూములో "ఏంటండీ" అంటే సెట్ చివర కాఫీ కలిపేవాళ్ళు తిరిగి చూసేవారు. వెయ్యి గొంతుల్లో కలిపినా నేను పట్టేస్తాను.

గొంతులో క్యాన్సర్ వచ్చింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద రూపాయి బిళ్ళంత రంధ్రం. ఊపిరి దాంట్లోంచే. దాని మీద పల్చటి గుడ్డ కట్టుకునేవారు. మాట అన్నది లేదు, గుసగుస కూడా లేదు. తుడిచి రాసే తెల్ల పలక ఒకటి కొన్నాను. అదే ఆవిడ నోరు.

సీరియల్ వాళ్ళు ఆవిడ పాత్రని కారు ప్రమాదంలో చంపేశారు. ఆవిడని చూడటానికి మాత్రం ఒక్కరూ రాలేదు.

ధవళేశ్వరంలో చిన్న ఇల్లు ఉంది ఆవిడకి. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు బాబ్జీ గారు రాజమండ్రిలో ఉంటూ వారానికోసారి వచ్చేవారు. నేనూ పని మానేసి అక్కడికి రెండు వీధుల అవతల అద్దెకి దిగి చిన్న పార్లర్ పెట్టుకున్నాను. పొద్దున్నే వెళ్ళి ఆవిడకి తల దువ్వి, గుడ్డ మార్చి వచ్చేదాన్ని.

ఒకరోజు అలా దువ్వుతుండగానే నా ఫోన్ మోగడం మొదలైంది. ఎవరో ఒక ఆన్‌లైన్ ఛానెల్ వాళ్ళు ఆవిడ ఫోటోకి దండ వేసి, ఇక లేరు అని పెట్టేశారు. అరగంటలో వంద ఛానెళ్ళు అదే ఎత్తి రాశాయి. ఆవిడ నా ఫోన్ తీసుకుని తన చావు వార్త మొత్తం చదివారు. పలక మీద "ఫోటో బాలేదు" అని రాశారు.

పదింటికి జనం రావడం మొదలైంది. గేటు దగ్గర నిలబడి, ఉన్నారండీ, బాగానే ఉన్నారండీ అని చెప్పీ చెప్పీ నా నోరు ఎండిపోయింది. సంతోషించినవాళ్ళు ఉన్నారు, అబద్ధం చెప్పను. కానీ కొందరి మొహాల్లో నేను చూసింది నిరాశ. ఇంత దూరం వచ్చాం, ఒకసారి చూపించమని నన్ను తోసుకుని లోపలికి వెళ్ళారు. కుర్చీలో కూర్చున్న మనిషి పక్కన వంగి సెల్ఫీలు తీసుకున్నారు. కాకినాడ నుంచి పెద్ద దండ తెచ్చినాయన దాన్ని ఏం చేయాలో తెలియక ఆవిడ ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు. చెప్పులు కూడా విప్పలేదు ఎవరూ. ముందురోజు వాన పడింది. వీధిలో బురదంతా గదిలోకి వచ్చింది.

ఈలోగా బాబ్జీ గారు ఒక ఛానెల్ వాళ్ళని వెంటబెట్టుకొచ్చారు. ఆవిడ బతికే ఉన్నారని వీళ్ళు చూపించేస్తే గొడవ వదిలిపోద్దని ఆయన మాట. ఒక యాంకరమ్మ, నలభై ఏళ్ళ కెమెరామెన్. ఆయన పేరు శ్రీను. తక్కిన జనాన్ని బయటికి పంపి తలుపు దగ్గరికి వేశారు. లోపల మేము అయిదుగురం.

యాంకరమ్మ ముందు తన మొహానికి పౌడర్ అద్దుకుంది. తర్వాత మాటే రాని మనిషి జాకెట్టుకి మైకు తగిలించింది. ఎందుకమ్మా అంటే, అలవాటండీ, అందరికీ పెడతాం అంది. ఆవిడ పలక మీద నమస్కారం రాసి చూపించారు. అది రికార్డు చేశారు. అక్కడితో వెళ్ళిపోతారనుకున్నాను.

మెడ మీద గుడ్డ తీసి ఆ రంధ్రం ఒక్కసారి చూపిస్తారా అని అడిగింది యాంకరమ్మ. చాలా మర్యాదగా, అండీ అండీ అంటూనే అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపారు. బాబ్జీ గారు, "చూపించక్కా, జనానికి జాలి కలుగుద్ది" అన్నారు. ఆవిడ గుడ్డని చేత్తో గట్టిగా పట్టుకున్నారు.

సరే, అయితే మంచం మీద పడుకుని రెండు నిమిషాలు కళ్ళు మూసుకోమంది యాంకరమ్మ. వీడియో మొదట్లో కనిపించే బొమ్మ కోసమట. చనిపోయినట్టు ఉండాలి, వీడియో లోపల మాత్రం బతికే ఉన్నారని చెప్తాం, అప్పుడే జనం చూస్తారు అంది.  

ఆవిడ నా వైపు చూశారు. తర్వాత లేచి వెళ్ళి పడుకుని కళ్ళు మూసుకున్నారు. ముప్పై ఏళ్ళుగా ఎవరో పడుకోమంటే పడుకుని, లేవమంటే లేచిన మనిషి.

నేనేం చేశానో కూడా చెప్పాలి. వద్దని అనలేదు. వెళ్ళి దిండు మీద ఆవిడ జుట్టు సరిచేశాను. నుదుటి మీద పడ్డ పాయ పక్కకి తోశాను. షాట్‌కి ముందు చేసే పని, చెయ్యి దానంతటదే చేసేసింది. ఆ రోజు జరిగిన అసహ్యాలన్నిటిలోనూ నన్ను ఇప్పటికీ వదలనిది అదే.

చప్పుడు రాకూడదని ఫ్యాను ఆపారు. నేను ఆవిడ తల దగ్గర, గోడకి ఆనుకుని నిలబడ్డాను. బాబ్జీ గారు తలుపు దగ్గర. ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ పెదవులు కలిసే ఉన్నాయి. మెడ మీద గుడ్డ ఊపిరికి మెల్లగా లేస్తూ పడుతూ ఉంది. నేను దాన్నే చూస్తున్నాను.

ఒక నిమిషం అయ్యిందేమో. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకున్న శ్రీను గారు తల ఎత్తి నా వైపు చూసి, మాట్లాడొద్దన్నట్టు వేలు పెదవి మీద పెట్టారు. నేను అసలు నోరు తెరవలేదు. ఆయన యాంకరమ్మ వైపు చూశారు, బాబ్జీ గారి వైపు చూశారు. తర్వాత మంచం మీద మనిషిని చూశారు. ఆయన మొహంలో రంగు మారడం నేను చూశాను.

రికార్డింగ్ ఆపేసి, వెనక్కి తిప్పి, హెడ్‌ఫోన్ నాకిచ్చారు.

"మేడం, మీరు వినండి ఒకసారి. వరం అంటే ఎవరండీ?"

విన్నాను. ముందు ఏమీ లేదు, ఊపిరి చప్పుడు. తర్వాత పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా వచ్చింది.

"వరం, తలుపేసెయ్యవే. ఇల్లంతా తొక్కేశారు."

అంతే. బొంగురుగా, నిండుగా, చివర కాస్త సాగదీసి. ఆపరేషన్‌కి ముందు గొంతు.

 మంచం పట్టె మీద కూర్చుండిపోయాను. యాంకరమ్మ తనూ విని, పక్కింటి టీవీ అయ్యుంటుందంది. పక్కింటి టీవీకి నా పేరెలా తెలుసు? శ్రీను గారు ఇంకోటి చూపించారు. యాంకరమ్మ మైకూ, ఆవిడ మైకూ విడివిడిగా రికార్డవుతాయట. యాంకరమ్మ మైకులో ఆ మాట లేదు. ఆవిడ గుండె మీద ఉన్న మైకులోనే ఉంది. బాబ్జీ గారిని వినమంటే, ఇలాంటివన్నీ నాకొద్దండి అని బయటికి వెళ్ళిపోయారు.

ఆవిడ లేచి కూర్చుని ఏమైందని చేత్తో అడిగారు. దాచలేకపోయాను. విన్నది విన్నట్టు చెప్పాను. ఆవిడ పలక తీసుకుని "గొంతు ఎలా ఉంది?" అని రాశారు.

"మీదేనండీ. పాతదే" అన్నాను.

వెంటనే హెడ్‌ఫోన్ కోసం చెయ్యి చాచారు. శ్రీను గారు ఇవ్వబోయారు కూడా. యాంకరమ్మ అప్పటికే వైర్లు చుట్టేస్తోంది. ఇంకో చోటికి ఆలస్యమైపోతోందని, మైకు తీసేసి, ఆ ముక్క ఫోన్‌కి పంపిస్తామని చెప్పి బయటికి నడిచింది. అయిదు నిమిషాలు ఆగితే సరిపోయేది. గుమ్మంలో అడ్డంగా నిలబడాల్సింది నేను. నిలబడలేదు.

సాయంత్రానికి వీడియో వచ్చింది. కళ్ళు మూసుకున్న ఆవిడ బొమ్మ, పైన ఎర్ర అక్షరాలు. ఆ రెండు నిమిషాలూ ఉన్నాయి. ఆ మాట ఉండాల్సిన చోట ఏడుపు సంగీతం వేశారు.

శ్రీను గారికి ఫోన్ చేశాను.  వెనకాల ఎవరో మాట్లాడుతున్నారని ఎడిటింగ్‌లో ఆ శబ్దం తీసేశారట. కెమెరాలోని కార్డు కూడా మర్నాటి పనికి తుడిచేశారట. తను వద్దని చెప్పినా వినలేదన్నారు.

ఆ సంగతి ఆవిడకి చెప్పే ధైర్యం లేకపోయింది. రేపు పంపిస్తారంట అని చెప్పాను. ప్రతి పొద్దున్నా నేను వెళ్ళేసరికి పలక మీద "వచ్చిందా?" అని రాసి ఉండేది. ఇంకా లేదండీ అనేదాన్ని. నాలుగు నెలలు అలాగే అన్నాను. జీవితంలో నేనాడిన నీచమైన అబద్ధం అది.

అయిదో నెలలో ఆవిడ నిజంగానే పోయారు. ఒక మధ్యాహ్నం, నిద్రలో, నేను పక్కన ఉండగానే. ముందు లేచి వీధి తలుపు వేసి గడియ పెట్టాను. తర్వాతే బాబ్జీ గారికి ఫోన్ చేశాను.

ఆయన వచ్చేసరికి వీధిలో మూడు కెమెరాలున్నాయి. ఎవరు చెప్పారో నేను అడగలేదు. తలుపు తీసి ఆయన్ని ఒక్కరినే రానిచ్చి మళ్ళీ వేసేశాను. జనం చూడాలి కదండీ, ఆవిడేమన్నా మామూలు మనిషా అని ఆయన కోప్పడ్డారు.

"ఎవరినీ రానివ్వద్దన్నారండి."

"ఎప్పుడంది?"

"మీరు ఆ రోజు వినలేదు."

 ఆవిడని వెనక తలుపు గుండా, సందులోంచి తీసుకెళ్ళాం. మొహం పూర్తిగా కప్పే ఉంచాను. ఒక్క ఫోటో కూడా ఎవరికీ దొరకలేదు.

తర్వాత గొంతు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి అడిగాను. స్వరపేటిక తీసేసినవాళ్ళు కొందరు సాధన చేస్తే అన్నవాహికలోంచి గాలి నెట్టి మాట తేగలరట. కానీ అది త్రేన్పులా ముక్కలు ముక్కలుగా వస్తుంది, పెదవులు కదపాల్సిందే, పాత గొంతు మాత్రం రాదమ్మా అన్నారు. ఆవిడ ఆ సాధన ఎప్పుడూ చేయలేదు. శ్రీను గారు ఆ ఛానెల్ మానేసి రావులపాలెంలో పెళ్ళి వీడియోలు తీసుకుంటున్నారు. మొన్న కలిస్తే మళ్ళీ అడిగాను. అప్పుడు చెప్పిందే అక్షరం మారకుండా చెప్పారు.

చచ్చిపోయిన మనిషి మాట్లాడితే దయ్యం అనొచ్చు. అలాంటివి లేవనే ఇప్పటికీ అంటాను. కానీ ఆ రోజు ఆవిడ బతికే ఉన్నారు. ఊపిరి తీసుకోవడం నా కళ్ళతో చూస్తూనే ఉన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. ఎవరైనా చెప్పగలిగితే వింటాను.