కొమ్లాన్ సాక్ష్యం

కొమ్లాన్ మొదటిసారి వంటింట్లోకి వస్తూ తల గుమ్మానికి కొట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు. అతనూ నవ్వి, "మదర్, ఐస్ ఉందా?" అని అడిగాడు. నుదుటికేమో అనుకుని ఇచ్చాను. కుర్చీలో కూర్చుని ప్యాంటు పైకి మడిచి, ఆ ఐస్ కుడి మోకాలి మీద పెట్టుకున్నాడు.

బహ్రెయిన్‌లో బుదైయా అనే ఊళ్లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు తన విదేశీ ఆటగాళ్ల కోసం తీసుకున్న విల్లాలో నేను వంటమనిషిని. పేరు మణి, మాది పాలకొల్లు దగ్గర. ఆటగాళ్లు ఏటా మారిపోతుంటారు. వాళ్లందరిలో తిన్న ప్లేటు కడిగి పెట్టినవాడు ఇతనొక్కడే. అందుకని మిగతావాళ్ల కంటే అతన్ని కాస్త ఎక్కువగా తిట్టేదాన్ని. మా ఇద్దరిదీ ముక్కలు ముక్కలుగా వచ్చే ఇంగ్లిషే. తిట్లు మాత్రం తెలుగులోనే తిట్టేదాన్ని, అవి బాగానే అర్థమయ్యేవి.

అతను పుట్టింది ఆఫ్రికాలో, టోగో దేశం, లోమే ఊరు. సముద్రపు ఒడ్డున ఇసకలో ఆడి నేర్చుకున్నాడు. ఫార్వర్డ్ అంటారట, ముందుండి గోల్ కొట్టేవాణ్ణి. పద్దెనిమిదేళ్లకి ఎవరో బెల్జియం తీసుకెళ్లారు. మొదటి చలికాలం పాదాలు మొద్దుబారి బంతి తగిలిందో లేదో కూడా తెలిసేది కాదట. అయినా నిలబడ్డాడు. రెండో డివిజన్ నుంచి మొదటి డివిజన్‌కి ఎక్కాడు. ఒక ఏడాదైతే స్టేడియం మొత్తం అతని పేరు పెట్టి పాట పాడేదట. ఆ ఏడే కూతురు పుట్టింది. పెద్ద క్లబ్బు వాళ్లు చూడ్డానికి వస్తున్నారన్న వారంలోనే మోకాలు మెలిపడి దెబ్బతింది. ఆపరేషనయ్యాక మళ్లీ ఆడాడు గానీ, ఆ పరుగు తిరిగి రాలేదు. అక్కణ్ణించి అంతా దిగుడే. ఫ్రాన్సులో చిన్న క్లబ్బు, పోర్చుగల్, సైప్రస్, చివరికి బహ్రెయిన్ రెండో డివిజన్. మధ్యలో ఎక్కడో భార్య విడిపోయింది. ఇదంతా చేపల పులుసు అన్నంలో కలుపుకుంటూ, ఇంకెవరి సంగతో చెప్తున్నట్టు చెప్పేవాడు.

కూతురి సంగతి మాత్రం అలా చెప్పేవాడు కాదు. పేరు ఎలీజ్. తొమ్మిదేళ్ల పిల్ల, తల్లి దగ్గర బెల్జియంలో ఉంటుంది. తండ్రి ఆటని ఫోనులో వీడియోలుగానే చూసింది. ఈస్టర్ సెలవులకి బహ్రెయిన్ పంపడానికి తల్లి ఒప్పుకుంది.

"నేను ఆడుతుంటే ఆ పిల్ల గ్రౌండులో కూర్చుని ఒక్కసారి చూడాలి మదర్. తర్వాత ఈ కాలు ఏమైనా పర్లేదు."

"పర్లేదేంట్రా, అదేమన్నా అద్దె కాలా?" అన్నాను.

ఆ ముందు వారమే డాక్టరు చెప్పాడు, మళ్లీ ఆపరేషన్ చేయించుకుని ఆట మానేస్తే జీవితాంతం నడుస్తావు, ఈ మోకాలితో ఆడితే ఆ నడకకి కూడా నేను హామీ ఇవ్వనని. అతనికి మాత్రం ఈస్టర్ ఒక్కటే కనబడుతోంది.

శుక్రవారాలు తుబ్లీలో ఒక వర్క్‌షాపు మీదున్న హాల్లో మా తెలుగు సహవాసం, అంటే క్రైస్తవుల ప్రార్థన కూడిక, జరుగుతుంది. నన్ను కారులో దింపడానికి వచ్చి, కొమ్లాన్ తనూ లోపలికొచ్చి కూర్చునేవాడు. తెలుగు ముక్క రాదు, చప్పట్లు మాత్రం అందరికంటే గట్టిగా కొట్టేవాడు. సహవాసం నడిపేది సుందర్‌రాజు గారు. వారమంతా ఒక కంపెనీలో స్టోర్‌కీపరు, శుక్రవారం మా పెద్ద. మంచి మనిషే. ఎవరు ఆస్పత్రిలో పడ్డా ముందు పరిగెత్తేది ఆయనే. చెడ్డవాడైతే ఆయన మీద నాకింత కోపం ఉండేదే కాదు.

మా వాళ్లలో ఒక అలవాటుంది. రోగం నయమయ్యాక లేచి, దేవుడే బాగుచేశాడని సాక్ష్యం చెప్పడం అందరూ చేసేదే. నయం కాకముందే నయమైందని చెప్పేస్తే అది గొప్ప విశ్వాసమని, అలా చెప్తే స్వస్థత వెనకాలే వస్తుందని కొందరి నమ్మకం. తలనొప్పికి అలా చెప్తే వచ్చే నష్టమేం లేదు. ఆ శుక్రవారం సుందర్‌రాజు గారు కొమ్లాన్ మోకాలికి నూనె రాసి, అందరి చేతా ప్రార్థన చేయించి నావైపు తిరిగారు.

"మోకాలు బాగైందని సాక్ష్యం చెప్పమనండి సిస్టర్."

"బాగవలేదు కదండీ. పొద్దున్నే ఐస్ పెట్టుకున్నాడు."

"అవిశ్వాసమంటే అదేనమ్మా."

ఆ మాట నేను కొమ్లాన్‌కి చెప్పలేదు. ఆయనే ఇంగ్లిషులో చెప్పారు. కొమ్లాన్ లేచి నిలబడి, "దేవుడు నా మోకాలు బాగుచేశాడు" అన్నాడు. హాలంతా హల్లెలూయా అంటూ మోగిపోయింది. అతని కళ్లలో నీళ్లు. పైకి అన్న మాట కాదది, నిజంగా నమ్మేశాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ కూడా ఇలాగే నూనె రాసి ప్రార్థించేదని కార్లో చెప్పాడు.

సాక్ష్యం చెప్పినవాడికి మోకాలి పట్టీ ఎందుకని సుందర్‌రాజు గారు అడిగితే, పట్టీ తీసేశాడు. ఐస్ అడగడం మానేశాడు. మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని దిగడం నేను చూస్తూనే ఉన్నాను.

"ఐస్ ఇమ్మంటావా?"

"నో మదర్, ఖలాస్. బాగైపోయింది."

కోచ్ అడిగినా అదే జవాబు. దేవుడి ఇంట్లో ఒకటి చెప్పి బయట ఇంకొకటి చెప్పే రకం కాదు అతను. క్లబ్బుకీ గోల్ కొట్టేవాడు కావాలి, డాక్టర్ని మళ్లీ ఎవరూ అడగలేదు.

ఎలీజ్ వచ్చింది. జుట్టు సన్నగా జడలల్లుకుని, తండ్రి పాత చొక్కా మోకాళ్ల దాకా వేసుకుని గ్రౌండులో నా పక్కన కూర్చుంది. మా సహవాసమంతా వచ్చింది. సుందర్‌రాజు గారు ముందు వరసలో. కొమ్లాన్ పరిగెడుతూ మైదానంలోకి వచ్చి మావైపు చెయ్యి ఊపితే, ఆ పిల్ల కుర్చీ ఎక్కి నిలబడింది. కాసేపటికి బంతి అతని కాళ్ల దగ్గరికొచ్చింది. ఒకణ్ణి తప్పించి పక్కకి తిరిగాడు. అంతే, పడిపోయాడు. ఎవరూ తగల్లేదు. ఎవరూ దగ్గరలో కూడా లేరు.

ఎలీజ్ చప్పట్లు కొడుతూనే ఉంది. నా భుజం తట్టి, "ఇప్పుడు లేస్తాడు, చూడు. వీడియోల్లో పడిన ప్రతిసారీ లేస్తాడు" అంది. స్ట్రెచర్ వచ్చేదాకా కొడుతూనే ఉంది. అతను నొప్పికి అరుస్తుంటే అప్పుడు ఆ చేతులు ఆగాయి. తిరిగి విమానం ఎక్కేదాకా ఆస్పత్రిలో తండ్రి మంచం దగ్గర కూర్చునేది గానీ, అతని మొహం వైపు చూసేది కాదు.

ఆపరేషన్ చేశారు. ఇక కర్ర లేకుండా నడవడం కష్టమన్నారు. క్లబ్బు కాంట్రాక్టు ముగించి టిక్కెట్టు చేతిలో పెట్టింది. సహవాసంలో సుందర్‌రాజు గారు, "విశ్వాసం చాలలేదు, ఏం చేస్తాం" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఎవరి విశ్వాసమండీ? కాలు అతనిది, మాట మీది," అన్నాను అందరి ముందూ. ఆయన తల దించుకున్నారు. అయినా నా కోపం చల్లారలేదు.

వెళ్లే ముందు శుక్రవారం కొమ్లాన్ టాక్సీలో వచ్చాడు. చంకల్లో కర్రలతో ఒక్కో మెట్టూ ఎక్కి, సాక్ష్యాల సమయంలో ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నన్ను క్షమించండి. బాగైందని దేవుడి ఇంట్లో చెప్పాను. నా విశ్వాసం చాలలేదు," అన్నాడు. ఆ మాట ఎవరు అతని చెవిలో వేశారో నాకు తెలియదు. "మోకాలి కోసం ప్రార్థన వద్దు. నా కూతురి కోసం చేయండి. ఆ రోజు చూసింది తను మర్చిపోవాలి. నన్ను వీడియోల్లోనే గుర్తుపెట్టుకోవాలి."

అతని ఇంగ్లిషు అందరికీ అర్థం కాలేదు. సుందర్‌రాజు గారు చెప్పమన్నట్టు నావైపు చూస్తే, తెలుగులో చెప్పాను. ఆయన లేచి అతని తల మీద చెయ్యి పెట్టారు. ప్రార్థన మొదలుపెట్టడానికి ఆయనకి నోరు రాలేదు. కొమ్లాన్ మాత్రం కళ్లు మూసుకుని, కర్రల మీద ఆనుకుని, ఆయన మాట కోసం అలాగే నిలబడి ఉన్నాడు.