గూడెం ఏరోడ్రమ్ రీలు

తెల్లవారుతుండగా తాడేపల్లిగూడెంలో దిగాను. హైదరాబాద్ నుంచి వచ్చే రాత్రి బండ్లలో ఏది ఎక్కినా ఫరవాలేదు గానీ, తలుపు పక్క బెర్తు మాత్రం తీసుకోకండి. నాకు విజయవాడ దాటాక నిద్రన్నది లేదు.

నేను వచ్చింది ఒక పాత ఫిల్ము పని మీద. అలాంటివాటిని భద్రపరిచే చోట నా ఉద్యోగం. ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు, అందులో ఉన్నదెవరు అన్నది రాసిపెడితేనే రేపు చరిత్ర రాసేవాళ్ళకి ఫిల్ము పనికొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఎవరో సైనికోద్యోగి సరదాగా తీసుకున్న రీలు ఒకటి మాకు చేరింది. డబ్బా మూత తియ్యగానే గుప్పున పులిసిన వాసన. ఫిల్ము కుంచించుకుపోయి అంచులు ముడతలు పడ్డాయి. ఒక్కసారి తప్ప రెండోసారి మెషిన్‌లో తిరగదని తెలిసి, ఊపిరి బిగబట్టుకుని ఒక్కో బొమ్మనీ కంప్యూటర్‌లోకి ఎక్కించాం. అంతా కలిపితే కొద్ది నిమిషాలు. ఎడ్లబళ్ళలో కంకర తోలుతున్న మనుషులు, చివర్లో క్షణంపాటు తాడేపల్లిగూడెం స్టేషన్ బోర్డు. అప్పట్లో విమానాల కోసం ఇక్కడ రన్‌వే వేశారు.

అందులోంచి రెండు బొమ్మలు పేపర్లో వేయిస్తే, గణపవరం అవతలి ఊరి నుంచి సూర్యారావుగారనే రైతు ఫోన్ చేశారు. "పెద్ద ఎడ్ల పక్కన తలపాగా ఆయన మా తాతగారండి" అన్నారు. తాతగారు బండి కట్టుకుని ఆ పనికి వెళ్ళి, జ్వరంతో ఇంటికొచ్చి పోయారట. ఫోటో ఒక్కటీ లేదు. ఆయన్ని కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది సూర్యారావుగారి తల్లి మాణిక్యమ్మగారొక్కరే. ఆవిడకి తొంభై దాటాయి, చూపు తగ్గిపోతోంది. "అమ్మకి కళ్ళు ఆనుతుండగానే ఒకసారి రండమ్మా" అన్నారు.

ఇలాంటి ఫోన్లంటే నాకు కాస్త చిరాకు. గుంపులో అందరికంటే అందగాణ్ణే ప్రతివాళ్ళూ తాతని చేసుకుంటారు. ఆశపడి చెప్పినదాన్ని నేను రాసిపెడితే, రేపు చదివేవాళ్ళు అదే నిజమనుకుంటారు. అయినా ఆ "కళ్ళు ఆనుతుండగానే" అన్న మాట నన్ను ఊరుకోనివ్వలేదు.

స్టేషన్ దగ్గర ఇడ్లీ తిని, ఆటోలో పాత రన్‌వే చూడ్డానికి వెళ్ళాను. మిగిలిన సిమెంటు మీద జనం వాకింగు చేస్తున్నారు. ఒక పక్క ధాన్యం ఆరబోసి ఉంది. ఫిల్ములో దుమ్ము తప్ప ఏమీ కనిపించని చోటు ఇదేనంటే కాసేపు నమ్మబుద్ధి కాలేదు.

ఎనిమిదింటికి గణపవరం బస్సు దొరికింది. పక్క సీటావిడ నా బ్యాగు చూసి, "ఏవండీ, ఎవరింటికండీ?" అని మొదలుపెట్టారు. పాత ఫిల్ము సంగతి చెప్పాను.

"పాటలుంటాయాండి?"

"పాటలూ లేవు, మాటలూ లేవండి. కంకర తోలడం ఉంటుంది."

"దానికోసం హైదరాబాద్ నుంచి వచ్చారా?" అని జాలిగా చూసి, సంచిలోంచి జామకాయ తీసి ఇచ్చారు.

గణపవరంలో దిగి మళ్ళీ ఆటో ఎక్కాను. రోడ్డుకి రెండువైపులా చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరిచెట్లు. కొల్లేరు ఎక్కడని అడిగితే, "ఒకప్పుడు ముంపొస్తే ఇదంతా కొల్లేరేనంటండి" అన్నాడు డ్రైవరు.

సూర్యారావుగారు వీధిలోనే నిలబడి ఉన్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి, తెల్లపంచె, చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. లోపల గోడకి ఆయన నాయనమ్మ ఫోటో, దాని పక్కన తాతగారి బొమ్మ కోసం కొత్తగా కొట్టిన మేకు. ఆ మేకుని చూసి నాకు భయం వేసింది.

మాణిక్యమ్మగారు మంచం మీద కాళ్ళు కిందికి వేసుకుని కూర్చున్నారు. తల్లి లేని పిల్ల కావడంతో పదేళ్ళకే పెళ్ళి చేసి అత్తవారింటికి పంపేశారట. అలా మావగారి చివరి రోజులు ఆవిడ చూశారు. నేను లాప్‌టాప్‌ని టీవీకి కలిపి, ఎవరూ వేలుపెట్టి చూపించవద్దని, ఆవిడంతట ఆవిడే చెప్పాలని బతిమాలాను. సూర్యారావుగారు సరేనన్నారు గానీ, తలపాగా మనిషి రాగానే ఆగలేకపోయారు.

"అమ్మా, అదుగో, తాతయ్యగారు."

"ఏమోరా, నాకానడం లేదు" అన్నారావిడ. కదల్లేదు.

బళ్ళు పోతూనే ఉన్నాయి. ఇక లాభం లేదనుకున్నాను. అప్పుడొక బక్కపలచని మనిషి, ఒక భుజం వాల్చి, ఎడ్ల ముందు నడుస్తూ కెమెరా వైపు వచ్చాడు. ముఖం సరిగా తెలియనే తెలియదు. మాణిక్యమ్మగారు మంచంకోడు పట్టుకుని లేచి నిలబడ్డారు. పైట భుజం చుట్టూ నిండుగా కప్పుకున్నారు.

ఆవిడ కోడలు, సూర్యారావుగారి భార్య లక్ష్మిగారు కంగారుగా పట్టుకున్నారు. "అత్తయ్యగారూ, బాత్రూమ్‌కాండి?"

"మావయ్యగారొచ్చారే" అన్నారావిడ మెల్లిగా. "కూర్చునుంటే ఏం బాగుంటుంది?"

ఆయన తెర దాటిపోయాక కూర్చున్నారు. ఈయనేననిపించింది నాకు. అయినా ఉద్యోగబుద్ధి పోదు కదా, మొదట్నుంచీ మళ్ళీ వేశాను. తలపాగా మనిషి వచ్చాడు, పోయాడు. ఆవిడ కూర్చునే ఉన్నారు. బక్కపలచనాయన రాగానే మళ్ళీ లేచారు. ఆ కాళ్ళు వణకడం చూశాక మూడోసారి వెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

సూర్యారావుగారి ముఖం చిన్నబోయింది. "ఈయనాండి? నా ముక్కు తాతగారిదే అనేవారు. ఈయన ముక్కే కనపడ్డం లేదు."

"ముక్కు సంగతి నాకు తెలీదు గానండి, ఆ భుజం వాల్చి నడవడం మాత్రం అచ్చం మీరే" అన్నారు లక్ష్మిగారు.

మాణిక్యమ్మగారు ఎవరితోనూ కాదన్నట్టు, "గూడెం నుంచి నాకు జీళ్ళు తెచ్చేవారు. పంచెకొంగున కట్టుకుని" అన్నారు. సూర్యారావుగారు వెళ్ళి తల్లి పక్కన కూర్చున్నారు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఆ బొమ్మే పెద్దది చేసి ఇవ్వండమ్మా" అని అడిగారు.

కొర్రమీను పులుసుతో భోజనం పెట్టారు. ఇంకో ముక్క, ఇంకో ముక్క అంటూ లక్ష్మిగారు వడ్డిస్తూనే ఉన్నారు. మధ్యాహ్నం సూర్యారావుగారు తన మోటార్‌సైకిల్ మీద బస్సు దాకా దింపారు. ఏలూరు చేరి, స్టేషన్ ఎదురుగా కాఫీ తాగి, సాయంత్రం బండి ఎక్కాను. ఈ దారిన వచ్చేవాళ్ళకి నా సలహా ఒక్కటే: గంట పనికి రోజంతా కేటాయించుకోండి. ఈ ఇళ్ళలో తొందరపడితే ఏమీ తెలియదు.

కిటికీలో దెందులూరు కనిపిస్తుందేమోనని చూస్తే, అది ఏలూరుకి వెనకటివైపని పక్కాయన చెప్పారు. సరేనని లాప్‌టాప్ తెరిచాను. ఆ రీలుకి ఇన్నాళ్ళూ "కూలీలు, బళ్ళు" అని రాసి ఉంది. రాసింది నేనే. అంతమంది తాతల్నీ మావగార్లనీ రెండు మాటల్లో సరిపెట్టేశానే అనిపించింది. తలపాగా ఆయన్ని కూడా ఎక్కడో ఎవరో వెతుక్కుంటూనే ఉండి ఉంటారు.

బక్కపలచనాయన బొమ్మ దగ్గర ఆపి ఆయన పేరు, ఊరు రాశాను. దాని కింద, ఈయనేనని ఎలా తెలిసిందో ఆధారం చూపించాలి. మా ఆఫీసు వాళ్ళకి కాగితమో ఫోటోనో ఉంటేనే ఆధారం. నా దగ్గర రెండూ లేవు. జరిగింది జరిగినట్టే రాశాను:

"ఈయన కనబడగానే కోడలు లేచి నిలబడింది."