టైలర్ గారికిచ్చిన రాయి

మా బావని చుట్టుపక్కల అందరూ సముద్రం మాస్టారు అంటారు. చేసేది లిఫ్టుల రిపేరు. పాఠాలు చెప్పే ఉద్యోగం జన్మలో చేయలేదు. కానీ దొరికినవాళ్ళని దొరికినట్టు కూర్చోబెట్టి పాఠం చెప్తాడు కనుక మాస్టారయ్యాడు. నేనూ ఉండే మా అక్కావాళ్ళింటి హాల్లో సోఫా ఉండాల్సిన గోడ పొడవునా ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టాడు కనుక సముద్రమయ్యాడు. ఆ సోఫా ఇప్పుడు కింద నా లాండ్రీ షాపులో ఉంది. ఇస్త్రీ బట్టల కోసం వచ్చినవాళ్ళు కూర్చుంటారు.

పాపం, పగలంతా లిఫ్టు గోతుల్లో టార్చిలైటు పళ్ళతో పట్టుకుని, గ్రీజు పూసుకుని బతికే మనిషి. ఇంటికొచ్చి మోచేతులదాకా కడుక్కుని ఆ నీలం వెలుగు ముందు కూర్చుంటే లోకమే గుర్తుండదు. "నన్నెప్పుడైనా అలా చూశారా?" అని అక్క సాధిస్తుంది. "నువ్వు కూడా అంత నిశ్శబ్దంగా ఉంటే చూద్దును" అంటాడు బావ.

ఆదివారం వస్తే ఇల్లు సంత. ఇళ్ళల్లో చేపలు పెంచుకునేవాళ్ళంతా గుమ్మం ముందు చెప్పులు విప్పి లోపలికొస్తారు. అక్క టీ ఇస్తుంది, బావ పాఠం మొదలెడతాడు. ఎప్పుడూ ఒకటే పాఠం. కొత్త చేపని తెచ్చిన రోజే అక్వేరియంలో వదలకూడదు. కొన్ని వారాలపాటు వేరే టబ్బులో పెట్టి, రోగం లేదని తేలాకే కలపాలి. "కొత్త చేపంటే చుట్టం కాదండీ, అనుమానితుడు! ముందు లాకప్పు, తర్వాతే కాపురం!" అని వేలు ఆడిస్తూ చెప్పేవాడు. ఆ లాకప్పు కోసమే బాత్రూములో ఒక పెద్ద నీలం టబ్బు ఉండేది. దాని మూలంగా మేమందరం గోడకి అంటుకుపోయి స్నానం చేసేవాళ్ళం.

ఒక శుక్రవారం బావ చేపల షాపునుంచి పసుపు పచ్చని చేపని కవర్లో పట్టుకుని పెళ్ళికొడుకులా ఇంటికొచ్చాడు. తీరా చూస్తే, ఆదివారం జనం వస్తారని అక్క కర్టెన్లన్నీ ఆ నీలం టబ్బులోనే సబ్బుపొడి వేసి నానబెట్టింది. సబ్బు తగిలితే చేప చస్తుంది. టబ్బుని కడిగి, మళ్ళీ కడిగి, ఎండబెట్టి, ఉప్పునీళ్ళు కలిపి సిద్ధం చేసేసరికి ఆదివారం దాటిపోతుంది. అయినా టబ్బులో ఉన్న చేపని ఎవరు చూస్తారు? ఆదివారం హాల్లో అందరి ముందూ తిరగాలి కదా అది!

"ఏం బావా, దీనికి లాకప్పు లేదా?" అన్నాను.

"ఆరోగ్యంగా ఉందిలే. మొహం చూస్తే తెలియట్లా?" అని గబుక్కున అక్వేరియంలో వదిలేశాడు.

ఆ ఆదివారం పసుపు చేప తిరుగుతుంటే అందరూ నోళ్ళు తెరిచారు. బావ మరీ పొంగిపోయాడు. ఆ ఊపులో అక్వేరియంలో చెయ్యి పెట్టి, పువ్వులా విచ్చుకున్న పగడం ఉన్న రాయొకటి తీసి, నీళ్ళ కవర్లో వేసి, అందరి ముందూ టైలర్ గారి చేతిలో పెట్టాడు.

టైలర్ గారిది మా వీధి చివరి షాపు. బావకంటే పెద్దాయన, మోకాళ్ళ నొప్పులు. "మీరు బాగుచేసిన లిఫ్టే లేకపోతే మీ ఇంటి గుమ్మం ఎక్కగలనా మాస్టారూ" అని వచ్చినప్పుడల్లా అనేవారు. ఆయన భార్య మనవణ్ణి చూసుకోడానికి కూతురి దగ్గర ఉండిపోయింది. కుట్టు మిషను పక్కన చిన్న అక్వేరియం, అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపల జంట, అదే ఆయనకి సంసారం. "నడుము దగ్గర వదులు పెట్టమంటాడు కానీ తిండి తగ్గించడు చూశావా" అని కస్టమర్ల మీద చాడీలు కూడా వాటికే చెప్పేవారు. నేను చెవులారా విన్నాను.

"మాస్టారూ, దీన్ని కూడా లాకప్పులో పెట్టాలా?" అని అడిగారు టైలర్ గారు, కవరు రెండు చేతులా పట్టుకుని.

"నా ఇంట్లోంచి వచ్చినదానికి అనుమానమేంటండీ! నేరుగా వేసెయ్యండి" అన్నాడు మా బావ.

వారం తిరక్కుండానే మా చేపల ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు లేచాయి. కంటికి కనబడని పురుగది. చేప ఒంట్లో దూరి బలుస్తుంది, రాలి రాళ్ళకి అంటుకుంటుంది, అక్కడ వందలుగా పుట్టి మళ్ళీ చేపల మీద పడుతుంది. బావకి చూడగానే తెలిసింది. తెలిసినా ఒప్పుకోడే! వెల్లుల్లి రసం వైద్యం చేసేవాళ్ళని అందరి ముందూ ఏడిపించిన మనిషి, తలుపేసుకుని వెల్లుల్లి దంచి చేపల తిండిలో కలిపాడు. వాసన మూడిళ్ళ అవతలికి పోయింది. రోగం మాత్రం పోలేదు.

ఎవరైనా వస్తే కనబడకుండా నా షాపునుంచి ఒక దుప్పటి పట్టుకొచ్చి అక్వేరియం మీద కప్పాడు. అది ఎవరో కస్టమరుది. "లైటు కాలిపోయింది, ఈ ఆదివారం రావద్దు" అని అందరికీ ఫోన్లు చేశాడు. అక్క చేత కూడా అదే చెప్పించాడు. నేనూ చెప్పాను, అడిగినవాళ్ళకి. ఆ మాట అనేటప్పుడు నా మొహం నాకే నచ్చలేదు.

ఇక రాగి మందు తప్ప దారి లేదు. అది అక్వేరియంలో పోస్తే పగడాలూ రొయ్యలూ చస్తాయి. చేపల్ని వేరే టబ్బులోకి మార్చి, అందులో పోయాలి. అక్వేరియంలో నెలల తరబడి ఒక్క చేప లేకుండా ఉంచితే, తినడానికి ఒళ్ళు దొరక్క పురుగు మాడి చస్తుంది. కానీ చేప చేతికి దొరకాలంటే రాళ్ళన్నీ పీకాలి. ఏళ్ళ తరబడి గుహలూ మెట్లూ కట్టి పేర్చుకున్న రాళ్ళని బావ ఒక్కొక్కటే తీసి బకెట్లలో వేశాడు. కొన్ని చేపలు వలలోనే పోయాయి. రోగం తెచ్చిన పసుపు మహాతల్లి మాత్రం నిక్షేపంగా ఉంది.

సబ్బు వదిలేదాకా కడిగిన నీలం టబ్బులో మిగిలినవాటిని వేసి మందు కలుపుతుండగా ఫోను మోగింది. బావ చేతులు తడిగా ఉన్నాయని నేనే స్పీకరు నొక్కి పట్టుకున్నాను. టైలర్ గారు.

"మాస్టారూ, చిన్న సందేహమండీ. మా జంట రెండూ రాయికేసి ఒళ్ళు రుద్దుకుంటున్నాయి. తిండి ముట్టట్లేదు. రెక్కల మీద తెల్లగా చుక్కలు కనబడుతున్నాయి. కళ్ళజోడు మీద దుమ్మేమో అని తుడుచుకుని కూడా చూశాను."

బావ చేతిలో మందు సీసా ఉంది. నా వంక చూశాడు. "ఉప్పు తేడా అయ్యుంటుందండీ. రెండ్రోజులు చూడండి. కంగారు పడకండి" అన్నాడు.

"మీరు చెప్పారుగా, ఇంక నాకు దిగుల్లేదు" అని టైలర్ గారు ఫోను పెట్టేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "బావా! నువ్వు మనిషివేనా? చేతిలో మందు పెట్టుకుని ఆ మాట ఎలా వచ్చింది నోట్లోంచి?"

"అరవకు. ఏ మొహం పెట్టుకుని చెప్పనే? అందరి ముందూ నేరుగా వేసెయ్యమన్నాను."

"నువ్వు చెప్పకపోతే నేనే వెళ్ళి చెప్తా."

అక్క నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్తే ఆయనకి తల ఎత్తుకునే దారుండదు. ఆయన్నే చెప్పనీ. రేపు వెళ్తారు" అంది. సరేనని ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

మర్నాడు బావ మందు సీసా జేబులో పెట్టుకుని, వట్టి చేతుల్తో వెళ్తే ఎలాగని ఒక ప్యాంటు సంచిలో వేసుకుని బయల్దేరాడు. కాసేపటికే తిరిగొచ్చాడు.

"ఏమన్నారు?" అంది అక్క ఆత్రంగా.

"ఎల్లుండి ఇస్తానన్నారు."

"ఏంటి ఇచ్చేది?"

"ప్యాంటు. పొడవు తగ్గించమన్నాను." జేబులో సీసా అలాగే ఉంది. "షాపులో జనం ఉన్నారు. వాళ్ళ ముందు ఎలా చెప్పను?"

"చేపలెలా ఉన్నాయి?" అని అడిగాను.

"అటు చూడలేదు" అన్నాడు బావ, నేల చూపులు చూస్తూ.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ రెండు రోజులూ నేను కూడా టైలర్ షాపు ముందునుంచి వెళ్ళాల్సి వస్తే అవతలి పక్కకి దాటి వెళ్ళాను. ఆయన లోపల్నుంచి చెయ్యి ఊపారు. నేను చూడనట్టు నటించాను.

ఇస్తానన్న రోజు సాయంత్రం టైలర్ గారే వచ్చారు. ఒక చేతిలో ప్యాంటు, రెండో చేతిలో నీళ్ళ కవరు, అందులో ఆ రాయి. మొహం పీక్కుపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రెండూ పోయాయి మాస్టారూ" అన్నారు. "మొన్న ఒకటి, ఇవాళ పొద్దున రెండోది. మీరు కంగారు పడొద్దన్నా నేనే కంగారుపడి నీళ్ళు మార్చాను. అదే పొరపాటైందో, తిండిలో ఏం తేడా చేశానో. మీరు ఇన్నేళ్ళు నేర్పినా నాకు చేతకాలేదు. ఇంత మంచి రాయి నా దగ్గరుంటే ఇది కూడా చస్తుంది. మీరే ఉంచుకోండి." ఆగి, గొంతు తగ్గించి, "ఆదివారం వచ్చేవాళ్ళకి మాత్రం చెప్పకండి. సిగ్గుగా ఉంది" అన్నారు.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు భూమిలో కూరుకుపోవాలనిపించింది. బావ ఆ కవరు అందుకోడానికి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "ఫరవాలేదులెండి" అంటాడేమోనని భయపడ్డాను. అంటే నేను ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

అనలేదు. వెళ్ళి దుప్పటి లాగేశాడు.

టైలర్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఖాళీ నీళ్ళు. కుప్పగా పడేసిన రాళ్ళు. చేప అన్నది లేదు.

"అయ్యో, మీవి కూడా పోయాయా?" అన్నారు జాలిగా.

"పోలేదు. లోపలున్నాయి, రండి" అని బావ ఆయన్ని బాత్రూములోకి తీసుకెళ్ళాడు. నీలం టబ్బులో చేపలు తిరుగుతున్నాయి. గట్టు మీద మందు సీసా ఉంది. రోగం తన ఇంట్లోదేనని, రాయితోనే వచ్చిందని బావ చెప్పాడు. మొత్తం చెప్పాడు.

టైలర్ గారు టబ్బులోకి వంగి చూశారు. "ఈ మందు వేస్తే మావి బతికేవా?"

"బతికేవేమో."

"నేను ఫోను చేసిన రోజు ఇది మీ దగ్గరుందా?"

"నా చేతిలోనే ఉంది" అన్నాడు బావ.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండును. హాల్లోకి వచ్చి, రాయి ఉన్న కవరు బల్ల మీద పెట్టి, ప్యాంటు మడత విప్పారు. "ఒకసారి వేసుకు రండి. పొడవు చూడాలి" అన్నారు.

"వద్దండీ, సరిపోతుంది."

"చూడకుండా ఇవ్వను. నా పని నేను చెయ్యాలి కదా."

బావ లోపలికెళ్ళి వేసుకొచ్చి ఖాళీ అక్వేరియం ముందు నిలబడ్డాడు. టైలర్ గారు బల్ల పట్టుకుని, మోకాళ్ళు మెల్లగా వంచి, మూలుగుతూ బావ పాదాల దగ్గర కూర్చున్నారు. అంచు లాగి చూశారు, రెండు కాళ్ళూ సమానంగా ఉన్నాయా అని వేళ్ళతో కొలిచారు. బావ కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"సరిపోయింది" అని టైలర్ గారు లేచారు. బావ పట్టుకోబోయిన చెయ్యి అందుకోలేదు.

చెప్పులేసుకుని బయటికెళ్ళారు. లిఫ్టు మా అంతస్తులోనే తలుపు తెరుచుకుని ఉంది. ఆయన దాన్ని దాటి వెళ్ళి, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు దిగడం మొదలుపెట్టారు.