పాత అని రాస్తే బాద అని చదివారు

ఈ ఉదయం పొయ్యి మీద పాలు విరిగిపోయాయి. ముందుగదిలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్న నాకు ఆ పుల్లటి వేడి వాసన తగిలింది. "ఇప్పుడు పోసిపోయిన పాలేనే. యాడో ఎండలో పెట్టినట్టుండారు" అంటూ నా భార్య గిన్నెను కుళాయి కింద వంపేసింది. తెల్లటి ముక్కలు తూము దగ్గర కాసేపు ఆగి జారిపోయాయి. నేను లేచి కిటికీ తెరిచాను. ఈ వాసన వచ్చినప్పుడల్లా నాకు గుడియాత్తం పాల సెంటరు గుర్తుకొస్తుంది. ఆ వెంటనే ఎస్తేరు గారు.

నేను తమిళనాడులోని వేలూరులో ఒక పాల కంపెనీ సేకరణ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. అణైకట్, పరదరామి వైపు పల్లెల పాలు ఏ లారీలో, ఏ దారిన, ఏ సెంటరుకు చేరాలో మాకు చెప్పేది ఒక పాత కంప్యూటరు వ్యవస్థ. నా ఉద్యోగమంత వయసు దానిది. అందులో చిన్న మార్పు చేయాలన్నా, దాన్ని రాసినవాళ్లలో ఒక్కరూ మిగలలేదు. దాన్ని తీసేసి కొత్తది పెట్టడానికి వచ్చిన అధికారి ఎస్తేరు గారు. వయసులో నాకన్నా చాలా చిన్న. సొంత ఊరు గుడియాత్తం. వాళ్లమ్మ అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసి చదివించింది. నన్ను ఆమె కింద వేశారన్న సంగతి కొన్నాళ్లు ఇంట్లో కూడా చెప్పుకోలేదు. కానీ అంతకుముందు ఏ అధికారి దగ్గరా నేర్చుకోని ఒక పని ఆమె దగ్గర నేర్చుకున్నాను. చెడ్డ కబురు ముందుగా చెప్పడం.

ఆమె పద్ధతిని ఎజైల్ అంటారు. పెద్ద పనిని రెండేసి వారాల్లో ముగిసే ముక్కలుగా కోసి, ముగిసిన ముక్కను వాడేవాళ్లకు అప్పటికప్పుడే చూపిస్తారు. మాది ఒక జట్టుతో అయ్యే పని కాదు కాబట్టి ఐదు జట్లు. మూడు నెలలకోసారి అందరినీ ఒకే హాల్లో చేర్చి, రాబోయే పనిని చీటీల మీద రాసి బోర్డుకు అంటించేవారు. ఒక జట్టు పని ఇంకో జట్టు కోసం ఆగవలసి వస్తే ఆ రెండు చీటీల మధ్య ఎర్రదారం కట్టేవారు. ఆ దారం ఆమె గుడియాత్తంలో లుంగీలు నేసేవాళ్ల దగ్గర అడిగి తెచ్చారు.

ఇవి కాక ప్రతి ఉదయం అందరం బోర్డు ముందు నిలబడి మాట్లాడుకోవాలి. మా ఆఫీసులో అధికారి ముందు నిలబడటమంటే తిట్లు తినడమే. మొదటిరోజు నేను చేతులు కట్టుకుని, "పని బాగా జరుగుతా ఉండాది మేడమ్" అన్నాను.

"జరిగేది నాకు కనబడతా ఉండాది అయ్యా. ఆగిపోయినది యాడుందో అది చెప్పండి."

"ఆగిందంటే మీకు కోపం రాదా?"

"వస్తాది. అయినా చెప్పండి."

అందరూ నవ్వారు. నేను కట్టుకున్న చేతులు వదిలేశాను. చదువుకునే రోజుల నుంచీ నేను డైరీ రాస్తున్నాను. జరిగిన పనులు, వచ్చిన మనుషులు, కురిసిన వానలు అన్నీ ఉంటాయి. జరగనిది మాత్రం ఎక్కడా ఉండేది కాదు. ఆ రోజు నుంచి ప్రతి పుటలో మొదటి వాక్యం ఆగిపోయిన దాని గురించే రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు మారవలసినది గుడియాత్తం సెంటరు. మార్పు సరిగ్గా జరిగితే సెంటరు ఉంటుంది, లేకపోతే మూసేసి పాలు నేరుగా వేలూరుకే తెప్పిస్తామని యాజమాన్యం ముందే చెప్పి పెట్టింది. అక్కడ పనిచేసేవాళ్ల ఇంటిమాట తెలుగే, కానీ తెలుగు అక్షరం రాదు. నేను పరదరామి వైపు బడిలో చదవబట్టి నాకు వచ్చింది. అందుకని ఆమె తెలుగు మాటలనే తమిళ అక్షరాల్లో బోర్డు మీద రాశారు. ఎడమవైపు 'పాత', కుడివైపు 'కొత్త'. తమిళంలో పకూ బకూ ఒకటే అక్షరం, తకూ దకూ ఒకటే అక్షరం. బాధను మా వైపు బాద అనే పలుకుతారు. పాలు దించే చోట మేస్త్రీగా ఉన్న దురైసామి, ఆమెను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు, ముందుకొచ్చి గట్టిగా చదివాడు.

"ఏంది పాపా, ఈ పక్క బాద, ఆ పక్క కొత్తా?"

"బాద కాదన్నా, పాత!"

"రెండూ ఒకటే గదమ్మా. ఆ కంప్యూటరుతో నేను పడేది నీకేం తెలుసు?"

"సరే, అట్లే పెట్టుకో. చీటీలన్నీ ఈ పక్కనుంచి ఆ పక్కకి పోతే బాద అయిపాయె."

"బాద పోతే మంచిదే. దాంతోబాటు మేమూ పోతామా?"

ఎస్తేరు గారు సుద్దముక్క కింద పెట్టి, "సెంటరు యాడికీ పోదన్నా. నేను చెప్తా ఉండా గదా" అన్నారు. ఆ మాట విని వాళ్లు పనిలోకి దిగారు. ఆ రోజు నుంచి పాత వ్యవస్థకు మా అందరి నోటా బాద అనే పేరే నిలిచింది.

చీటీలు ఒక్కొక్కటే కుడివైపుకు చేరాయి. ఒక ఎర్రదారం మాత్రం మిగిలింది. లారీల దారులు నిర్ణయించే జట్టు పని ముగియలేదు. అది ముగియకుండా గుడియాత్తం మారకూడదు. మూడు నెలల సమావేశానికి పైవాళ్లు వస్తున్నారని మా జనరల్ మేనేజరు కత్తెర తెచ్చి స్వయంగా ఆ దారం కత్తిరించాడు. తమిళుడే అయినా మాతో మా తెలుగే మాట్లాడేవాడు.

"దారం తీస్తే పని అయిపోయినట్టా సార్?" అన్నారు ఎస్తేరు గారు. "ఇంకో మూడు నెలలు పాతదాన్ని పక్కనే నడపనీండి."

"రెండింటికీ ఖర్చు పెట్టేదానికి ఇది సత్రమామ్మా?"

ఆ సమావేశాల చివర ఒక ఆచారం ఉండేది. అనుకున్న పని జరుగుతుందని ఎంత నమ్మకముందో ప్రతి ఒక్కరూ వేళ్లతో చూపాలి. ఐదు వేళ్లంటే పూర్తి నమ్మకం, పిడికిలి అంటే అసలు లేదు. తక్కువ చూపినవాళ్లను ఏమీ అనకూడదు. ఎందుకని అడిగి వినాలి. ఆ రోజు మేనేజరు ముందువరుసలో నిలబడి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. హాలంతా నాలుగు వేళ్లు, ఐదు వేళ్లు లేచాయి. దురైసామి ఐదు ఎత్తాడు. నేను రెండు ఎత్తాను. ఎస్తేరు గారూ రెండే.

"ఏందమ్మా, మిగతా వేళ్లు ఇంట్లో పెట్టొచ్చినావా? పెద్దాయనకూ అంటించినావే!" అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

బయట దురైసామి ఆమె ముఖం చూడలేకపోయాడు. "ఏంజేసేది పాపా, ఆయన నా చెయ్యే చూస్తా ఉండె. ఐదు ఎత్తితే సెంటరు నిలుస్తాదనుకొంటి."

"నేను రెండు ఎత్తిందీ అందుకేన్నా" అన్నారామె.

గుడియాత్తంలో పాతదాన్ని ఆపేసిన ఉదయం నేను అక్కడే ఉన్నాను. పరదరామి పోవలసిన లారీలను కొత్త వ్యవస్థ అణైకట్ దారిలో పంపింది. తెలిసిన డ్రైవర్లు సొంతంగా పరదరామి వెళ్లి పాలు తెచ్చినా, ఇవి రావలసిన లారీలు కావని గేటు దగ్గర అది ఒప్పుకోలేదు. లారీలు రోడ్డు పొడవునా ఎండలో నిలిచిపోయాయి. మధ్యాహ్నానికి క్యాన్ల మూతలు తీస్తే ఈ వాసనే. దురైసామి మనుషులు క్యాన్లన్నీ కాలవలో వంపుతుంటే ఎస్తేరు గారు చెప్పులతోనే ఆ పాలలో నిలబడి ఉన్నారు, చివరి క్యాను దాకా.

"బాద పోలా పాపా. ఈ పక్కనుంచి ఆ పక్కకి వచ్చినాది, అంతే" అన్నాడు దురైసామి. అందులో ఎగతాళి లేదు.

రైతులు ఎన్నాళ్లని పాలు పారబోసుకుంటారు? వేరే డెయిరీకి పోయడం మొదలుపెట్టారు. సెంటరుకు తాళం పడింది. విచారణ నివేదికలో, అధికారికే మొదటినుంచీ నమ్మకం లేదనీ, ఆ అపనమ్మకం కిందివాళ్లకు పాకిందనీ రాశారు. దానికి రుజువు, హాలంతా చూడగా ఆమె ఎత్తిన రెండు వేళ్లు. ఆమెను పంపించేశారు. నేను అప్పటికే విరమణకు దగ్గరలో ఉన్నాను కాబట్టి నన్ను వదిలేశారు. వేలూరు ఆఫీసులో మిగతా సెంటర్లకు పాత వ్యవస్థే ఇప్పటికీ నడుస్తోందట. కొత్తగా చేరిన పిల్లలు కూడా దాన్ని బాద అనే పిలుస్తారట, ఎందుకో తెలియకుండానే.

తర్వాత ఒకే ఒకసారి, గుడియాత్తం బస్టాండులో ఆమెను చూశాను. ఒక బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతున్నారు. ఇల్లు దగ్గరే అయినా, ఊరు చుట్టి నడిచి వచ్చారు.

"ఆ వీధిన పోలేనయ్యా. దురైసామన్న అరుగు మీద కూర్చోనుంటాడు. పిలిచి కాఫీ తాగిపోమంటాడు. తిట్టేవాడైతే పోయుందును."

"ఇప్పుడెట్లుండారమ్మా?" అని అడిగాను.

ఆమె చెయ్యి ఎత్తారు. అలవాటు కొద్దీ నేను వేళ్ల కోసం చూశాను. ఒక్క వేలూ తెరుచుకోలేదు. ఇంతలో బస్సు వచ్చింది.

అప్పటినుంచి నా డైరీలో తేదీ పక్కన ఒక అంకె వేస్తున్నాను, సున్నా నుంచి ఐదు లోపల. ఎందుకో నా భార్యకు కూడా చెప్పలేదు. చాలా రోజులు రెండు, ఎప్పుడైనా మూడు. ఈ రోజు తేదీ రాశాను, పాలు విరిగాయని రాశాను, అంకె దగ్గర ఆగాను. కలం పట్టుకున్న చెయ్యి అచ్చం పిడికిలిలాగే ఉంటుందని ఇన్నేళ్లు రాసీ ఇప్పుడే గమనించాను.